పాచికలు లేని యుద్ధక్రీడ

యుద్ధవార్తలు పురుషులకును, వంటయిల్లు స్త్రీలకును అని లోకము ఏనాడో పంచిపెట్టినది. వార్తాపత్రిక గడప దాటి వచ్చినతోడనే మొదటి పుట చావడిలో నిలిచిపోవును. కథయు, వంటకమును, వ్రతవిధానమును గల పుట లోపలికి వచ్చును. ఈ పంపకమును మనమును మారు మాటాడక యొప్పుకొన్నారము. కాని యుద్ధమునకు మాత్రము ఈ సరిహద్దు తెలియదు. అది నూనెధరయై వంటయింటికి వచ్చును. తెలిసినవారి కుఱ్ఱవాడు పంపిన యుత్తరమై వచ్చును. ఆ యుత్తరము రాకపోవుటయై మఱింత గట్టిగా వచ్చును. ఇంటిలోనికి ఇంత చొరవగా వచ్చుదానిని గూర్చి యేమియు తెలిసికొనకుండుట వివేకము కాదని మాకు తోచును.

తెలిసికొనుటకు సంజయునివంటి వాడొకడు కావలయును. భారతములో ధృతరాష్ట్రునకు కన్నులు లేవు, కురుక్షేత్రమునకు పోలేదు. వ్యాసుని యనుగ్రహమున సంజయుడు యుద్ధమునంతయు చూచి రాజునకు చెప్పినాడు. అతడు చెప్పినది గెలుపోటములు మాత్రమే కాదు. ఏ సేన యేవైపున నిలిచినది, ఏ వ్యూహము పన్నిరి, ఎవరికెవరు ఎదురుపడిరి, ఎవడు ఎందువలన తొలగవలసివచ్చెను, ఇవియెల్ల విడమరచి చెప్పినాడు. యుద్ధవార్త చెప్పువానికి అది గీటురాయి. ‘మనవారు వీరోచితముగా పోరాడిరి’ అని మాత్రము వ్రాయువాడు వంది. ఎట్లు పోరాడిరో, ఏల పోరాడవలసి వచ్చెనో చెప్పువాడే సంజయుడు.

వేసవి సెలవులలో మా వారు పాఠశాల గ్రంథాలయపు పుస్తకములను సవరించుచుండగా మాకును కొన్ని చేతికి వచ్చినవి. అట్లు మాకు పరిచయమైనవాడు ఫ్లెచర్ ప్రాట్ అను అమెరికా దేశీయుడు. పత్రికావిలేకరిగా బ్రదుకు మొదలిడి, గ్రంథకర్తయై, యుద్ధవార్తలకు వ్యాఖ్యాతయై, తుదకు ఒక యుద్ధక్రీడను నిర్మించినవాడు. ఆతని చరిత్ర మన సోదరీమణులకు తెలియజెప్పదగినదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ప్రాట్ 1897వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీని న్యూయార్కు రాష్ట్రమున బఫెలో నగరపు ప్రాంతమున జన్మించెను. మనిషి పొట్టి, దేహము తేలిక. ఆ తేలికదనమునే ఆసరా చేసికొని పడుచుతనమున ముష్టియుద్ధములలో అందఱికంటె తక్కువ బరువు గలవారి తరగతిలో పోటీ చేసెను. అదే కాలమున గ్రంథాలయమునందును ఉద్యోగము చేసెను. పగలు పుస్తకములు సర్దుచు, వేఱొక వేళ పిడికిళ్లు బిగించు మనుష్యుడు అరుదు. ఈ రెండు గుణములును, అనగా చదువునందలి యాసక్తియు, పోట్లాటయొక్క పట్టు తెలిసిన శరీరమును, ఆతని జీవితమునందంతట కలిసియే నడచినట్లు కనబడును.

పిమ్మట బఫెలోలో పత్రికావిలేకరి యయ్యెను. ఊరిలో జరిగినదానిని ఆనాడే చూచి, ఆనాడే వ్రాసి, మఱునాటి యుదయమునకు జనుల చేతులలో పెట్టుట ఆ వృత్తి. అందులో అలంకారములకు వ్యవధి లేదు. ఎవరు, ఎక్కడ, ఎందఱు, ఎట్లు అను ప్రశ్నలకు సమాధానము లేనిదే వాక్యము సాగదు. తరువాతి కాలమున ఆతడు వ్రాసిన చరిత్రగ్రంథములకు ఈ యలవాటే పునాది యని చెప్పవచ్చును.

న్యూయార్కు నగరమునకు చేరిన పిదప చాలకాలము కలము నమ్ముకొని బ్రదికెను. జర్మను, ఫ్రెంచి భాషలనుండి కథలను తెనిగించినట్లే ఇంగ్లీషు చేసి, హ్యూగో గెర్న్స్‌బాక్ నడపుచుండిన విజ్ఞానకథల పత్రికలకు ఇచ్చుచుండెను. అచ్చట జీతము ముట్టుట ఆలస్యమట. అందుచే ప్రాట్ ఒక పెద్దకథను సగము మాత్రము భాషాంతరీకరించి యిచ్చి, ఆ భాగము అచ్చయి పాఠకులు తరువాయికై యెదురుచూచుచుండగా, పాత బాకీ చెల్లించినగాని మిగిలిన సగము ఇయ్యనని కూర్చుండెనని చెప్పుదురు. పాలవానికిని చాకలికిని నెలనెల లెక్క తీర్చు గృహిణులకు ఈ కథలోని యుక్తి వెంటనే తెలియును.

ఆతని భార్య ఇంగా చిత్రకారిణి. వారి యిల్లు ఒకప్పుడు అగ్నిప్రమాదమునకు లోనుకాగా, భీమా సొమ్ము చేతికి వచ్చెను. ఆ సొమ్ముతో కొత్త కుర్చీలు కొనక, ఆ దంపతులు పారిసు నగరమునకు పోయిరనియు, ఆతడచ్చట సార్బాను విద్యాపీఠమున చదివెననియు ఆతని మిత్రులు వ్రాసిరి. కాలిపోయిన సామానునకు బదులుగా విద్యను కొనితెచ్చుకొనుట మా కెంతయు నచ్చినది. విద్యాధనమును గూర్చి మన పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాల నిజమైనది కదా!

1935లో అమెరికా అంతర్యుద్ధమును గూర్చి ‘ఆర్డీల్ బై ఫైర్’ అను చరిత్ర ప్రకటించెను. 1861 మొదలు 1865 వఱకు అన్నదమ్ములవంటి ఉత్తర దక్షిణ రాష్ట్రములు కొట్టుకొన్న కథ యది. ఆ దేశమువారి కురుక్షేత్రము. పిదప సీజరు చరిత్రయు, అమెరికా నౌకాదళ చరిత్రయు, గూఢలిపులను గూర్చిన గ్రంథమును వెలువరించెను. స్ప్రేగ్ డి క్యాంప్ అను మిత్రునితో కలిసి 1941లో ‘ది ఇన్‌కంప్లీట్ ఎన్‌చాంటర్’ అను మాయాకథల పుస్తకము వ్రాసెను. అందులో నేటి పండితుడొకడు తర్కబలముచే పురాణలోకములలోనికి పోవును. ఇన్ని వ్రాసినవాడు 1947లో రోబ్సన్ బెయిలీతో కలిసి పురుషులకొఱకు ఒక పాకశాస్త్రమును గూడ వ్రాసెను! ‘ఒక పురుషుడు, ఆతని భోజనములు’ అని ఆ గ్రంథనామమునకు అర్థము. ఇంటిలో చిన్నజాతి కోతులను పెంచుట వేఱొక వేడుక. ఇంగాగారి యోర్పునకు మేము ఇచ్చటినుండియే నమస్కరించుచున్నాము.

ఇక ఆతని క్రీడను గూర్చి చెప్పవలయును.

1930వ దశకమున ప్రాట్ తన యింటినేలను సముద్రముగా భావించి మిత్రులతో నౌకాయుద్ధము ఆడ నారంభించెను. నిజమైన యుద్ధనౌకలకు కొయ్యతో చిన్నచిన్న ప్రతిమలు చేసిరి. ఏబది అడుగుల కొలతకు ఒక్క అంగుళము చొప్పున కుదించుటచే ఆఱువందల యడుగుల పెద్ద యోడ పండ్రెండంగుళముల పొడవున నుండెను. ఆడువారు మోకాళ్లపై నేలను ప్రాకుచు తమ తమ నౌకలను నడపుదురు. ఆటకాండ్ర సంఖ్య పెరిగి యిల్లు చాలకపోవుటచే పెద్దశాలలు చూచుకొనవలసి వచ్చెను. చిత్రకారుడు జాక్ కోగిన్స్, పైని చెప్పిన డి క్యాంప్ మొదలగువారు ఇందులో పాల్గొనిరి. స్త్రీలును కొంగు బిగించి ఆడిరి. అది మేము ముఖ్యముగా గుర్తుంచుకొనిన విషయము. ఆటయొక్క నిబంధనలు 1940లో పుస్తకముగా వచ్చినవి.

ఈ క్రీడలో ప్రతి నౌకకును ఒక విలువ కలదు. ఆ విలువ ఊహించి పెట్టినది కాదు, లెక్కించి తెచ్చినది. నౌకమీది ఫిరంగిముఖము ఎన్ని యంగుళములో చూచి, ఆ సంఖ్యను దానితోడనే గుణించి, వచ్చినదానిని ఫిరంగుల సంఖ్యతో మరల గుణింపవలయును. దానికి కవచపు మందమును, విమానములను, నీటిలో విడుచు టార్పీడోలను, వేగమును, బరువును వేఱువేఱు పాళ్లలో కలుపవలయును. శత్రువు గుండు తగిలినప్పుడెల్ల ఈ విలువలోనుండి కొంత తీసివేయుదురు. విలువ తగ్గినకొలది వేగము సన్నగిలును. ఫిరంగులు ఒక్కటొక్కటిగా మూగవోవును. మిగిలిన దేమియు లేనప్పుడు నౌక మునిగినట్లే.

గుండు తగులుట యెట్లు? ఇందులోనే ఆతని ప్రజ్ఞ యున్నది. పాచికలు లేవు, గవ్వలు లేవు. ఆటకాడు తన నౌకనుండి శత్రునౌకవైపు బాణపుగుర్తు నుంచి, మధ్య దూరము ఎన్ని యంగుళములో కంటితో అంచనా కట్టి, చీటిపై వ్రాయును. కాలవ్యవధి స్వల్పము, చేతితో కొలువరాదు. వ్రాయుట ముగిసిన పిదప మధ్యవర్తి కొలబద్ద పఱచి, వ్రాసిన దూరము ఎచ్చట ముగిసినదో అచ్చట చిన్న చీల నిలుపును. అది నౌకపై పడెనా, తగిలినది. ముందు పడెనా, నీరు ఎగిసినది. వెనుక పడెనా, వ్యర్థము. తప్పిన గుండును చూచి మఱుసారి అంచనాను సవరించుకొనవలయును. నిజమైన నౌకలయందు ఫిరంగివాండ్రును ఇట్లే నీటిచిమ్ములు చూచి గురి దిద్దుకొనుచుండిరి.

మన పురాణములలోని జూదమునకును దీనికిని ఎంత దూరమో చూడుడు. ధర్మరాజు పాచికల యెదుట కూర్చుండి రాజ్యమును, తమ్ములను, తన్నును, ద్రౌపదిని కోల్పోయెను. పాచిక పడిన పిదప ‘విధి’ యనెడి మాట సులభముగా నోట వచ్చును. శకుని యెదుట కూర్చున్నవాని బుద్ధి యేమయ్యెనని అడుగు ప్రశ్నను ఆ మాట కప్పివేయును. ప్రాట్ తన క్రీడలోనుండి పాచికను తీసివేయుటచే ఆ సాకును గూడ తీసివేసెను. గుండు తప్పినచో తప్పినది నా కన్ను. నౌక మునిగినచో దానిని అచ్చటికి నడిపినది నా చేయి. యుద్ధమును గూర్చి వ్రాయువాడు జనులకు నేర్పదగిన మొదటి పాఠము ఇదియే యని మేము తలంచుచున్నాము. యుద్ధములు దైవికములు కావు. ఎవడో ఒకడు దూరము చూచి, లెక్క కట్టి, ఒక యుత్తరువు వ్రాసినందున జరుగును.

చదివిన దానిని చేసి చూడవలయునని మాకు కోరిక పుట్టినది. మా చావడినేల శుభ్రముగా తుడిపించి, అగ్గిపెట్టెలను నౌకలుగా నుంచి, మా పిల్లలు ముగ్గురును ఆట కుపక్రమించిరి. పెద్దవానికి పదునైదేండ్లు. నౌకాదళమున చేరెదనని యొక యేడాదినుండి అనుచున్నాడు. అతడు ధైర్యముగా ‘నలువది యంగుళములు’ అని వ్రాసెను. చీల గోడకడ నిలిచినది. చిన్నవాడు భయపడి తక్కువ వ్రాసెను. నడిమిది అమ్మాయి; ముగ్గుచుక్కలు పెట్టిన యలవాటుచే రెండవసారికే గురి కుదిర్చినది. మా యత్తగారు పీటపై కూర్చుండి వత్తులు చేయుచు కొంతసేపు చూచి, “ఏమర్రా, ఆ గడప దగ్గఱి పెట్టెకు ఇక్కడినుంచి ఇరవైమూడు ఉంటుంది, అంతే” అనిరి. కొలబద్ద పఱచితిమి. ఇరువదిమూడే!

ఆమె చేయి తవ్వ, సోల లేకయే పదుగురకు బియ్యము తీయును. ఎసరు చూచియే ఉప్పు వేయును. ఏబదియేండ్లు సరిగా అంచనా కట్టిన కన్ను అది. పిల్లలు చప్పట్లు కొట్టి, “బామ్మే మన నౌకాధిపతి” అని కేకలు వేసిరి. ఆమె నవ్వి, అంతలో నవ్వు మాని, “అది సరే కాని నాయనా, ఆ ఓడలో ఎంతమంది ఉంటారు?” అని మా పెద్దవానిని అడిగిరి. వాడు పుస్తకమందలి ఫిరంగుల సంఖ్య చెప్పబోయెను. “ఫిరంగులు కాదురా, మనుషులు” అని ఆమె మరల అడిగిరి. వానికి తెలియలేదు. ఆ రాత్రి మేము తెలిసికొని చెప్పితిమి. ఆ తెలిసికొన్న కథయే ఇది.

ప్రాట్ వ్రాతలకు నిజమైన పరీక్ష 1939లో వచ్చెను. ద్వితీయ ప్రపంచయుద్ధము ప్రారంభమైనది. ఆతడు న్యూయార్కు పోస్టు పత్రికలో యుద్ధవిషయములు వ్రాయుచు, టైము వారపత్రికకు సైనికవ్యవహారములలో సలహాదారుగా నుండెను. యుద్ధభూమికి వేలమైళ్ల దూరమున కూర్చుండి, వచ్చిన తంతివార్తలను పటములతోడను నౌకలపట్టికలతోడను సరిచూచి, జరిగినదేమో చెప్పవలసిన పని యది. హస్తినాపురమందలి సంజయపీఠము వంటిదే. ఆ సంవత్సరము డిసెంబరు 13వ తేదీ ఉదయమున దక్షిణ అమెరికాలోని ప్లేట్ నదీముఖము వెలుపల, ఆతని క్రీడయే సముద్రముమీద నిజమైనట్లు ఒక పోరాటము జరిగినది.

జర్మనీవారి గ్రాఫ్ ష్పే అను నౌక ఒకవైపు. దానికి పదునొకండంగుళముల ఫిరంగులు ఆఱు. బ్రిటిషు పక్షమున మూడు చిన్న నౌకలు. ఎక్సెటర్ నౌకకు ఎనిమిదంగుళముల ఫిరంగులు ఆఱు. ఎజాక్స్, అకిలీస్ నౌకలకు ఆఱంగుళములవి ఎనిమిదేసి. మేము పలకమీద ప్రాట్ లెక్కలోని ఈ యొక్క భాగమును వేసి చూచితిమి. పదునొకటి పదునొకండ్లు 121. దానిని ఆఱుతో గుణింపగా 726. ఎక్సెటర్‌కు 64ను ఆఱుతో గుణింపగా 384. మిగిలిన రెంటిలో ఒక్కొక్కదానికి 36ను ఎనిమిదితో గుణింపగా 288. మూడును కలిపిన 960. ఏ యొక్కటియు జర్మను నౌకకు సాటిరాదు. మూడును కూడినచో పెద్ద ఫిరంగుల లెక్కలో దానిని మించును. కాని గ్రాఫ్ ష్పేకు ఆఱంగుళములకు ఇంచుక తక్కువైన ఫిరంగులు మఱి ఎనిమిది కలవు. వానిని చేర్చినచో తక్కెడ మరల అటు మొగ్గును; దళసరి కవచమును దానిదే. వేగము మాత్రము బ్రిటిషు నౌకలది. ఇట్లు ఇరుపక్షములును తూగు చోట నడపువాని బుద్ధియే మిగిలిన తూనికరాయి.

బ్రిటిషు నాయకుడు హార్వుడ్ ముందుగనే ఆలోచించి యుంచుకొన్నట్లు తన నౌకలను రెండువైపులుగా విడదీసెను. పెద్ద ఫిరంగులు ఎవరివైపు తిరుగవలెనో శత్రువునకు తోచకుండ చేయుట ఆతని యుద్దేశము. ఎక్సెటర్ మిక్కిలి దెబ్బతినెను. దాని ఫిరంగులు మూగవోయెను. చిన్ననౌకలు రెండును ప్రక్కనుండి వదలక తగులుకొనెను. దెబ్బతిన్న గ్రాఫ్ ష్పే ఉరుగ్వే దేశపు రేవైన మాంటివీడియోలోనికి తప్పుకొనెను. అటుపిమ్మట ఫిరంగులకంటె మాటలు ఎక్కువ పనిచేసెను. పెద్ద బ్రిటిషు నౌకలు వెలుపల చేరినవని వార్త పుట్టించిరి. నిజమునకు సాయము వచ్చినది కంబర్లాండ్ అను ఒక్క క్రూయిజరు మాత్రమే. జర్మను నాయకుడు లాంగ్స్‌డార్ఫ్ ఆ వార్తను నమ్మి, 17వ తేదీ సాయంకాలము తన నౌకను తానే నదీముఖమున ప్రేల్చివేసి ముంచెను. ‘అశ్వత్థామ హతః’ అన్న మాటకు ద్రోణుడు విల్లు విడిచిన ఘట్టము మనకు కొత్త కాదు. యుద్ధములో అబద్ధపు వార్తయు ఒక ఆయుధమే. అందుచేతనే వార్త చదువువారికి లెక్క తెలియవలయుననుట.

మా యత్తగారి ప్రశ్నకు సమాధానము ఇట్లున్నది. బ్రిటిషు నౌకలలో 72 మంది మరణించిరి. వారిలో 61 మంది ఎక్సెటర్‌లోనివారే. గ్రాఫ్ ష్పేలో 36 మంది పోయిరి. అంతకుముందు ఆ నౌక తొమ్మిది వర్తకపుటోడలను ముంచినను, లాంగ్స్‌డార్ఫ్ వానిలోని మనుష్యులలో ఒక్కనినైనను చావనీయక దింపివేసి ముంచినవాడు. అట్టివాడు తన నౌకను ముంచిన రెండు మూడు దినములలోనే బ్యూనస్ ఎయిర్స్ నగరమున తుపాకితో ప్రాణము తీసికొనెను. నౌకయొక్క విలువ సున్న యగుట ఎట్లో ప్రాట్ పట్టికలో కలదు. నాయకుని హృదయము సున్న యగుటకు పట్టికలో గడి లేదు.

మన దేశమునకు సంబంధించిన విశేషము ఒకటి కలదు. ఆ మూడు నౌకలలో అకిలీస్ అనునది 1948లో భారతదేశమునకు వచ్చి, ‘ఢిల్లీ’ యను పేరుతో స్వతంత్ర భారత నౌకాదళమున చేరెను. ఆ యుద్ధమును గూర్చి 1956లో వచ్చిన చలనచిత్రమున తన పూర్వపు వేషము తానే ధరించెను. 1978లో విశ్రాంతి పొందెను. నలుగురు నావికులు మరణించిన ఆ నౌకాపీఠముపై మన యువకులెందఱో పిదప నడచి, పని నేర్చుకొనిరి. ఇది చెప్పినప్పుడు మా పెద్దవాడు ఏమియు అనలేదు. ఆ నాలుగు అను సంఖ్యను మాత్రము పలకమీద అకిలీస్ ప్రక్కన వ్రాసికొనెను.

మా పొరుగున నుండు పెద్దముత్తైదువ ఒకరు ఇది యంతయు విని, “ప్రాణములు తీయు పనిని ఆటగా చేయుట పాపము కాదా?” అని ప్రశ్నించిరి. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. యుద్ధమును అందముగా, సులభముగా, రక్తము లేనిదిగా చూపు ఆట పిల్లవాని మనస్సు చెఱచును, సందేహము లేదు. కాని కఱ్ఱకత్తులు చేసికొని కేకలు వేయుచు గెలిచితి ననుకొను ఆటకును, మోకాళ్లపై కూర్చుండి దూరము కొలిచి తన తప్పు తానే చూచుకొను ఆటకును భేదము కలదు. మొదటిది గర్వము నేర్పును. రెండవది అంచనా నేర్పును. అంచనా నేర్చినవాని నెవడును నినాదములతో లేవదీసికొని పోజాలడు. నౌకాదళమున చేరవలదని మేము మా కుమారునితో అనలేదు, చేరుమనియు అనలేదు. వానికి ఇంకను వయస్సు కలదు. కాని చేరునాడు దేనిలో చేరుచున్నాడో ఎఱిగి చేరవలయును. అంతవఱకు మా బాధ్యత.

ఆటకు గల హద్దును గూడ మఱువరాదు. ఫిరంగిని లెక్కించుట ఒక చదువు. తల్లిని లెక్కించుట వేఱొక చదువు. వ్యాసుడు ఈ రెండును ఎఱిగినవాడు కనుకనే యుద్ధపర్వములు ముగిసిన పిదప స్త్రీపర్వము నుంచినాడు. అచ్చట ధృతరాష్ట్రుడు చచ్చినవారెందఱని అడుగును. ధర్మరాజు కోట్లలో సంఖ్య చెప్పును. సంఖ్య చెప్పినంతమాత్రమున ఆ పర్వము ముగియలేదు. గాంధారి దివ్యదృష్టితో రణభూమిని చూచుచు, ఇతడు నా కొడుకు, ఇతడు ఉత్తర పెనిమిటి, ఇతడు దుస్సల భర్త, అని ఒక్కొక్కని పేరుపేరున గుర్తించును. సంజయుని పని ముగిసినచోట గాంధారి పని మొదలగును. మొదటిది లేనిచో మనము మోసపోవుదుము. రెండవది లేనిచో మనము రాళ్లమగుదుము.

ప్రాట్ చరిత్రలో స్త్రీలకు నవ్వు పుట్టించు విషయమొకటి చెప్పక మానరాదు. తన క్రీడలో స్త్రీలను సమానముగా కూర్చుండబెట్టినవాడే 1944లో పురుషులకు మాత్రమేయైన యొక విందుగోష్ఠిని స్థాపించెను. కారణమేమనగా, ఒక మిత్రుని కొత్తభార్య తక్కినవారికి నచ్చలేదట. ఆమె లేకుండ ఆ మిత్రుని భోజనమునకు పిలుచుటకు ఇది యుపాయమట! ఆ గోష్ఠిపేరు ‘ట్రాప్ డోర్ స్పైడర్స్’. తరువాత సభ్యుడైన ఐజాక్ అసిమోవ్ దానిని ఆధారము చేసికొని అపరాధపరిశోధక కథలు వ్రాసెను. నౌకలతో యుద్ధము చేయగలిగిన పురుషులు ఒక స్త్రీతో భోజనపు బల్లకడ కూర్చుండుటకు వెఱచినారన్నమాట! మహనీయుల చరిత్రలో ఇట్టి మచ్చలును ఉండుటయే మేలు. చదువువారికి వారు మనుష్యులని తెలియును.

యుద్ధము ముగిసిన పిదపను ఆతని కలము నిలువలేదు. పసిఫికు సముద్రపు పోరాటములను గూర్చియు, ప్రపంచచరిత్రను మార్చిన యుద్ధములను గూర్చియు గ్రంథములు వ్రాసెను. 1956వ సంవత్సరము జూను 10వ తేదీని, ఏబదితొమ్మిదవ యేట, కాలధర్మము నొందెను. ఆతని నిబంధనలతో నౌకాక్రీడ ఆడువారు ఆతని తరువాతను పలుచోట్ల మిగిలిరి.

సోదరీమణులారా! రేపటి పత్రికలో యుద్ధవార్త వచ్చినప్పుడు ఆ పుటను చావడిలోనివారికే వదలివేయకుడు. చదువునప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది ఎచ్చట జరిగినది? ఎవరి బలమెంత? ఈ మాట చెప్పినవాడు ఏ పక్షమువాడు? పోయినవారెందఱు? మొదటి మూడింటికి సమాధానము ఆ పుటలోనే వెదకిన దొరకును. లేనిచో ఆ వార్తను పూర్తిగా నమ్మ నక్కఱలేదు. నాలుగవదానికి సంఖ్య దొరికినను అచ్చట ఆగకుడు. అంత సంఖ్యలో ఇండ్లున్నవని తలంచుడు. పదుగురకు సరిపడు బియ్యము కంటితో కొలువగల మనకు, ఒక కంచము తక్కువైన యిల్లు ఎట్లుండునో ఒకరు చెప్పనక్కఱలేదు.